బ్రేకుల్లేని పందెం

ఫ్రీవీలు లేని సైకిలెక్కినవాడి కాళ్లకు విశ్రాంతి ఉండదు. వెనక హబ్బుకు పళ్లచక్రం కదలకుండా బిగించి ఉంటుంది. చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు తిరుగుతాయి, పెడళ్లతో పాటు కాళ్లూ తిరగాల్సిందే. పసిపిల్లల మూడుచక్రాల బండీ ఇలాగే నడుస్తుంది. ఆపాలంటే కాళ్లతో ఎదురు నొక్కాలి. అలాంటి బండికి బ్రేకులు కూడా తీసేసి, రాత్రిపూట, మలుపుల వీధుల్లో, గంటకు 45 కిలోమీటర్ల వేగంతో గుంపుగా పందెం వేస్తారంటే తెనాలిలో మా నాన్న నమ్మేవాడు కాదు. ఆయనది సైకిలు షాపు. బండి రిపేరుకొస్తే వెనక చక్రం ఎత్తి తిప్పి, ఫ్రీవీలు టకటకలు విని రోగం చెప్పేవాడు. ఫ్రీవీలు పట్టేసిన బండి ఆయన లెక్కలో పనికిరాని బండి. నేను ఉద్యోగానికని న్యూజెర్సీ వచ్చి, నదికి అవతల బ్రూక్లిన్‌లో సాగిన ఈ పందేల పూర్వాపరాలు తవ్వుకుంటూ పోతే తేలిందేమిటంటే, ఆయన పనికిరాదన్న బండే అసలైన పందెపు బండి.

1903లో మొదటి టూర్ డి ఫ్రాన్స్‌కు 60 మంది బయల్దేరారు. 2,428 కిలోమీటర్లు, ఆరు అంచెలు. గెలిచిన మారిస్ గారాన్ తొక్కింది గేర్లు మార్చే వీల్లేని బండి. పందెం పెట్టిన పత్రికా సంపాదకుడు హెన్రీ దెగ్రాంజ్‌కు గేర్లంటే గిట్టదు. గెలవాల్సింది మనిషి కండ కానీ యంత్రం కాదని ఆయన పట్టు. ఆ పట్టు సడలి డెరైలర్ గేర్లను టూర్‌లోకి రానిచ్చేసరికి 1937 వచ్చింది. అప్పటినుంచి రోడ్డు పందేలు గేర్ల దారి పట్టాయి. బిగించిన చక్రం వెలోడ్రోముల్లో, అంటే వాలుగా కట్టిన గుండ్రటి ట్రాకుల్లో, మిగిలిపోయింది.

ఆ ట్రాకుల వైభవం ఒకప్పుడు నేనుండే చోటికి దగ్గర్లోనే వెలిగింది. న్యూవార్క్ వెలోడ్రోం 1911లో తెరిచారు. మర్నాటి ఏడే అక్కడ ప్రపంచ పోటీలు జరిగి, ప్రొఫెషనల్ స్ప్రింటు టైటిల్ ఫ్రాంక్ క్రేమర్‌కు దక్కింది. మాన్‌హట్టన్‌లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఆరు రోజుల పందేలు ఆడేవాళ్లు. నిద్ర లేకుండా ఒక్కడే తొక్కీ తొక్కీ మతి చలించే స్థితికి వస్తుంటే, ఎవరూ రోజుకు 12 గంటలకు మించి తొక్కకూడదని న్యూయార్క్ రాష్ట్రం చట్టం చేసింది. దానికి విరుగుడుగా నిర్వాహకులు ఇద్దరేసి జట్లు కట్టించారు. ఇప్పటికీ ఒలింపిక్స్‌లో ఆడే మాడిసన్ పందెం అలా పుట్టింది. 1899లో ప్రపంచ స్ప్రింట్ విజేతగా నిలిచిన నల్లజాతి వీరుడు మేజర్ టేలర్ ప్రొఫెషనల్‌గా తొలి అడుగు వేసింది ఆ గార్డెన్‌లోనే, 1896లో. ఇంత సందడీ మోటారు కార్ల ధాటికి, ఆర్థిక మాంద్యానికి తట్టుకోలేకపోయింది. 1930లో న్యూవార్క్ వెలోడ్రోం మూతబడింది.

తర్వాత ఆ బండిని ఎవరు కాపాడారని అడిగితే, నా జవాబు కూలికి తొక్కినవాళ్లు. న్యూయార్క్ ఆఫీసుల మధ్య కాగితాలు, ఫొటోలు, ప్లాన్లు మోసే కొరియర్ కుర్రాళ్లలో చాలామంది ట్రాకు బండ్లే ఎంచుకున్నారు. కారణాలు ఏ షాపువాడికైనా ఇట్టే అర్థమవుతాయి. గేర్లు లేవు, తీగలు లేవు, బ్రేకు కట్టలు లేవు. చెడడానికి పెద్దగా ఏమీ లేదు, దొంగ విప్పుకుపోవడానికీ ఏమీ లేదు. మంచులో, ఉప్పు చల్లిన రోడ్ల మీద రోజంతా తిరిగే బండికి అంతకన్నా ఏం కావాలి? హార్లెంలో పుట్టిన నెల్సన్ వేల్స్ ఇలాగే కవర్లు మోస్తూ మోస్తూ 1984 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్ స్ప్రింటులో వెండి పతకం తెచ్చాడు. ఊరు మాత్రం వీళ్లను నెత్తిన పెట్టుకోలేదు. 1987లో మేయర్ ఎడ్ కాచ్ మిడ్‌టౌన్‌లోని మూడు పెద్ద అవెన్యూల మీద పగటిపూట సైకిళ్లు నిషేధిస్తామన్నాడు. కొరియర్లు బారులుగా రోడ్డెక్కారు, కోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. ఆ తర్వాత ఫ్యాక్సు, ఈమెయిలు వాళ్ల కూలిని కొంచెం కొంచెంగా కొరికేశాయి. పందెం సరదా మాత్రం పోలేదు. 2000లో మొదలైన మాన్‌స్టర్ ట్రాక్ పందెంలో బ్రేకుల్లేని ట్రాకు బండ్లతో మాన్‌హట్టన్ ట్రాఫిక్ మధ్యలోంచే దూసుకుపోయేవాళ్లు.

ఇక రెడ్ హుక్ సంగతి. బ్రూక్లిన్‌లో నీటిలోకి చొచ్చుకుపోయిన ఈ పేట ఒకప్పుడు ఓడ కూలీలతో కిటకిటలాడేది. 1956 ఏప్రిల్‌లో ఐడియల్ ఎక్స్ అనే ఓడ 58 కంటెయినర్లతో మా న్యూవార్క్ రేవునుంచి హ్యూస్టన్‌కు బయల్దేరింది. ఆ కంటెయినర్ల వ్యాపారం పెరిగేకొద్దీ సరుకంతా విశాలమైన న్యూజెర్సీ రేవులకు తరలిపోయింది. రెడ్ హుక్‌లో గోదాములు బోసిపోయాయి. పేటను ఊరినుంచి ఎక్స్‌ప్రెస్‌వే వేరుచేసేసింది, సబ్‌వే రైలు అక్కడిదాకా రాదు. రాత్రయితే రాళ్లు పరిచిన వెడల్పాటి వీధులు ఖాళీ. పందేనికి ఇంతకన్నా మంచి చోటు డబ్బిచ్చినా దొరకదు. 2008 మార్చిలో డేవిడ్ ట్రింబుల్ తన పుట్టినరోజు వేడుకగా స్నేహితుల్ని పిలిచి, ఆ వీధుల్లో అర్ధరాత్రి పందెం పెట్టాడు. ఏ సమాఖ్య గుర్తింపూ లేదు. ఆడా మగా అందరూ ఒకే గుంపు. గెలిచింది కేసీ మాండర్‌ఫీల్డ్ అనే అమ్మాయి, మగవాళ్లందరినీ వెనక్కి నెట్టి.

ఒకే చిన్న చుట్టును మళ్లీ మళ్లీ తిరిగే పందేన్ని క్రిటేరియం అంటారు. ఇక్కడ దానికి బిగించిన చక్రం తోడైంది. నియమాలు తేలికే: ట్రాకు బండి, ఒకే గేరు, వంచిన హ్యాండిలు, బ్రేకులు నిషిద్ధం. అసలు చిక్కంతా మలుపులో ఉంది. మామూలు బండయితే మలుపులో తొక్కడం ఆపి లోపలి పెడలు పైకెత్తి పెట్టుకుంటాం. ఇక్కడ ఆపే వీల్లేదు. బండి మరీ ఒరిగితే కిందికొచ్చిన పెడలు రోడ్డును గీరుతుంది, వెనక చక్రం లేచిపోతుంది. అందుకే ట్రాకు ఫ్రేముల్లో క్రాంకు ఇరుసు కాస్త ఎత్తులో పెడతారు, క్రాంకులు పొట్టివి వాడతారు. ముందు 49 పళ్లు, వెనక 15 పళ్లు బిగిస్తే ఒక్క తొక్కుకు దాదాపు 6.8 మీటర్లు వస్తుంది. 45 కిలోమీటర్ల వేగానికి నిమిషానికి దాదాపు 110 సార్లు కాలు తిరగాలి. మలుపులో తగ్గించుకున్న వేగాన్ని ఆ ఒక్క గేరుతోనే మళ్లీ లాక్కోవాలి. ట్రాకు వీరుడి కాలు, రోడ్డు వీరుడి ఊపిరి, కొరియర్ కుర్రాడి మొండి ధైర్యం మూడూ ఒకే మనిషిలో ఉంటేనే పని జరుగుతుంది.

రెడ్ హుక్ పందెం పేరు వేగంగా పాకింది. 2010లో మిలాన్, 2013లో బార్సిలోనా, 2015లో లండన్ చేరాయి. బ్రూక్లిన్‌లో జనం పెరిగేసరికి పందెం వీధులు వదిలి ఓడల ప్రయాణికుల టెర్మినల్ ఆవరణలోకి మారింది. 2014లో ఆడవాళ్లకు వేరే పందెం పెట్టారు. వీడియోగేముల కంపెనీ రాక్‌స్టార్ గేమ్స్ స్పాన్సరుగా వచ్చింది, జట్లు జీతాలిచ్చే స్థాయికి ఎదిగాయి. 2016 బ్రూక్లిన్ ఫైనల్లో దారిలో నిలిచిపోయిన మోటారుసైకిలుకు గుంపు గుద్దుకుని పెద్ద ప్రమాదమైంది. నాలుగు నగరాల పరంపర 2018లో రెండు నగరాలకు కుదించుకుపోయింది, 2019లో ఆగిపోయింది.

ఫిక్స్‌డ్ గేరు, అంటే ఈ బిగించిన చక్రం, చచ్చిపోయిందని అప్పుడు కొందరు రాశారు. ఆ మాట 1930లోనూ అనుకునే ఉంటారు, 1937లోనూ అనుకునే ఉంటారు. వెలోడ్రోం పోతే కొరియర్లు ఎత్తుకున్నారు, కొరియర్ల పని తరిగితే వాళ్ల పందేలు మిగిలాయి, వాటి చలవతో రెడ్ హుక్ వచ్చింది. ఆగింది ఖర్చు పెరిగిన పరంపరే. బండి ఆగలేదు: జర్మనీలో రాడ్ రేస్ వాళ్లు, శాన్‌ఫ్రాన్సిస్కోలో మిషన్ క్రిట్ వాళ్లు ఈ బండ్లతోనే పోటీలు పెట్టారు. ప్రతిసారీ దాన్ని మళ్లీ లేపింది డబ్బున్న సంఘాలు కావు. ఖాళీ వీధి, నలుగురు స్నేహితులు, చెడడానికేమీ లేని సైకిలు. ఈ కథను ఎవరు రాసినా స్పాన్సర్ల పేర్లకు ముందు ఉప్పురోడ్ల మీద కవర్లు మోసినవాళ్లను, మొదటి రాత్రి అందరికన్నా ముందు గీత దాటిన కేసీ మాండర్‌ఫీల్డ్‌ను రాయాలి. వరస అదీ.