విద్యుద్వాహనములును అమ్మినవాని పూచీయు

సంతలో ఎద్దును కొన్న రైతు దానిని ఇల్లు చేర్చి, కాడికి కట్టి, రెండు సాళ్లు దున్ని చూచును. అది నడుమ పండుకొన్నను, కుంటినను, మరల సంతకు తోలుకొని పోయి అమ్మినవానిని నిలదీయును. ఈ ఆచారము నేటిది కాదు. యాజ్ఞవల్క్యస్మృతి క్రయవిక్రయములను గూర్చి చెప్పుచు, కొన్నవాడు సరకును పరీక్షించుకొనుటకు గడువులను ఏర్పఱచినది. విత్తనములకు 10 దినములు, ఇనుమునకు 1 దినము, బరువు మోయు పశువులకు 5 దినములు, రత్నములకు 7 దినములు, పాడిపశువులకు 3 దినములు. ఆ లోపల దోషము కనబడెనేని సరకును తిరిగి ఇచ్చివేయవచ్చును. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరావ్యాఖ్యను 13వ శతాబ్దమున కేతన తెలుగు చేసెను. కావున ఈ ధర్మము తెలుగువారు ఎఱుగనిది కాదు.

ఈ గడువులను పరికించి చూచినచో వానియందు ఒక న్యాయము కనబడును. ఇనుము మంచిదో చెడ్డదో ఒక దినములో తేలును. విత్తనము మొలకెత్తవలెను గనుక దానికి పది దినములు కావలెను. ఏ వస్తువులోని దోషము ఎంతకాలమునకు బయటపడునో, అంతకాలము అమ్మినవాడు పూచీ పడియుండవలెను. మరి దోషము లోపల దాగి, ఒకనాటికో మూడేండ్లకో ఒక్కసారిగా అగ్నియై బయటపడు వస్తువు మాట యేమి? విద్యుద్వాహనముల బ్యాటరీ అట్టి వస్తువు. దానిని అమ్మినవారి పూచీ ఎట్లు పుట్టినదో, ఎక్కడ కొఱతపడుచున్నదో విచారించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఈ విచారము మనకు దూరమైనది కాదు. రంగారెడ్డి జిల్లా శంకరపల్లి మండలములోని మోకిల గ్రామమును చూడుడు. ఒకప్పుడు పొలములుండిన చోట నేడు ప్రహరీగోడల నడుమ విల్లాలు వరుసలు తీరియున్నవి. 2023 ఆగస్టులో హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ ఇచ్చటి స్థలములను వేలము వేసెను. ఇచ్చట కాపురముండి కోకాపేటకో గచ్చిబౌలికో ఉద్యోగమునకు పోయివచ్చువానికి విద్యుద్వాహనము మిక్కిలి అనుకూలము. రాత్రి ఇంటియొద్ద ఛార్జింగు పెట్టిన చాలును. తెల్లవాఱి పెట్రోలు బంకునకు పోవలసిన పని లేదు. ఈ చేవెళ్ల నియోజకవర్గమునందే, షాబాదు మండలములోని సీతారాంపురమున, విద్యుద్బస్సుల కర్మాగారమునకు 150 ఎకరములు కేటాయింపబడినవి. ప్రభుత్వమును ప్రజలను ఈ దారికి పిలిచినది. తెలంగాణ ప్రభుత్వము 2020 అక్టోబరు 30న విద్యుద్వాహన విధానమును ప్రకటించి, మొదటి 2 లక్షల ద్విచక్రవాహనములకు పన్ను మినహాయించెను. 2024 నవంబరులో ఆ మినహాయింపును 2026 డిసెంబరు 31 వఱకు సాగించుచు ఉత్తరువు చేసెను. రండు, కొనుడు అని పిలిచినవారికి, కొన్నవాని క్షేమమును చూచు బాధ్యతయు కలదు గదా!

ముందుగా ఈ బ్యాటరీ స్వభావమును తెలిసికొందము. స్కూటరు బ్యాటరీ ఒకే వస్తువు కాదు. అనేకములైన చిన్న సెల్లులను ఒకచోట కూర్చి చేసిన పెట్టె. ఒక్కొక్క సెల్లులో ధనధ్రువపు రేకును ఋణధ్రువపు రేకును ఒకదానినొకటి తాకకుండ వెండ్రుకకంటె పలుచనైన పొర వేఱుచేయుచుండును. నడుమనుండు ద్రవము మండు స్వభావము కలది. కర్మాగారమున ఆ పొర మడతపడినను, చిఱిగినను, లోహపు నలుసు చిక్కుకొన్నను, ఎన్నటికో రెండు రేకులును తాకును. అప్పుడు వేడి పుట్టును. ఆ వేడి మఱింత వేడిని పుట్టించును. పక్క సెల్లు అంటుకొనును. ఆర్పిన మంట కొంతసేపటికి మరల లేచుటయు కలదు. పైనుండి చూచువానికి మంచి పెట్టెయు చెడు పెట్టెయు ఒక్కతీరుగనే యుండును.

ఈ సంగతి వ్యాపారులకు క్రొత్తది కాదు. 1989లో కెనడా దేశపు మోలీ ఎనర్జీ సంస్థ లిథియము లోహముతో చేసిన బ్యాటరీలు జపానులో చేతి టెలిఫోనులయందు మండెను. సంస్థ వానిని మరల తెప్పించుకొనవలసి వచ్చి ఆర్థికముగా కూలిపోయెను. లోహము అపాయకరమని తెలిసినపిమ్మట దానిని విడిచి, 1991లో సోనీ సంస్థ లిథియము అయాను బ్యాటరీని అంగడికి తెచ్చెను. అయినను 2006లో ఆ సోనీవారి సెల్లులు కలిగిన 41 లక్షల బ్యాటరీలను డెల్ సంస్థ తన కంప్యూటరులనుండి వెనుకకు తీసికొనెను. ఇట్లు తీసికొనుటను ఆంగ్లమున రీకాల్ అందురు. మనము మరలపిలుపు అందము. అమ్మిన పిమ్మట దోషమును తానే ఒప్పుకొని, వస్తువును రప్పించి, ఉచితముగా సరిచేసి ఇచ్చుట దీని యర్థము. దీనిని మేలుగా కాక అప్పు తీర్చుటగా ఎంచవలెను.

కార్ల విషయమున ఈ అప్పు ఎట్లు తీర్పబడినదో చూతము. 2020 డిసెంబరులో హ్యుండయ్ సంస్థ మన దేశమున అమ్మిన 456 కోనా విద్యుత్కార్లను బ్యాటరీ పరీక్షకై మరలపిలిచెను. మఱుసటి ఫిబ్రవరిలో వివిధ దేశములయందు సుమారు 82 వేల వాహనములకు బ్యాటరీలను మార్చుటకు పూనుకొనెను. అమెరికాలో షెవ్రొలే బోల్ట్ కారు చరిత్ర ఇంకను బోధకరమైనది. 2020 నవంబరులో ఆ సంస్థ సుమారు 68 వేల కార్లను పిలిచి, లోపలి కంప్యూటరు ఆజ్ఞలను మార్చి సరియైనదనెను. అట్లు సరిచేయబడిన కార్లు మరల మండెను. 2021లో రెండవమారు పిలిచెను. ఆగస్టు నాటికి అప్పటివఱకు చేసిన కార్లన్నియు, అనగా సుమారు 1 లక్ష 42 వేలు, పట్టికలోనికి వచ్చెను. సెల్లులు చేసిన ఎల్జీ సంస్థ ఈ వ్యయమునకై 190 కోట్ల డాలర్ల వఱకు ఇచ్చుటకు ఒప్పుకొనెను.

ఆ నడుమ కారు గలవాని గతి యేమి? పూర్తిగా ఛార్జింగు చేయవద్దనిరి. రాత్రివేళ ఇంటి గ్యారేజిలో నిలుపవద్దనిరి. ఇతర వాహనములకు 50 అడుగుల ఎడముగా ఉంచుడనిరి. ఇంటిలో పెట్టుటకు వీలులేని వాహనమును ఇంటికొఱకు కొన్నవాడు నెలల తరబడి ఇట్లు గడపవలసి వచ్చెను. దోషము కర్మాగారమున పుట్టినది. జాగ్రత్త మాత్రము కొన్నవాని తలపై పడినది. కొన్నవారు న్యాయస్థానమునకు పోగా, 2024లో 15 కోట్ల డాలర్లకు రాజీ కుదిరెను. సంస్థలు రెండును తమలో తాము లెక్క తేల్చుకొనిన ఎన్నియో నెలలకు గాని కొన్నవాని లెక్క తేలలేదు.

ఇక మన సీమకు వత్తము. మన దేశమున మరలపిలుపునకు చట్టము లేకపోలేదు. 2019 మోటారు వాహనముల సవరణ చట్టము 110ఏ అను సెక్షనును చేర్చి, దోషముగల వాహనములను మరలపిలువుమని ఆజ్ఞాపించు అధికారమును కేంద్ర ప్రభుత్వమున కిచ్చెను. నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చెను. నిర్బంధముగా పిలిపింపవలసివచ్చిన సంస్థకు రూ. 10 లక్షలు మొదలుకొని 1 కోటి వఱకు జరిమానా. ఏడాది గడిచెను. 2022 మార్చిలో తమిళనాడులోని వేలూరున స్కూటరు బ్యాటరీ మంటలవలన తండ్రియు కూతురును మరణించిరి. ఏప్రిల్ మూడవ వారమున నిజామాబాదులో, ఏడాదిగా వాడుచున్న స్కూటరు బ్యాటరీ ఇంటిలో రాత్రి ఛార్జింగులో నుండగా ప్రేలి, 80 ఏండ్ల వృద్ధుడు మృతినొందెను. ఏప్రిల్ 23న విజయవాడలో, ముందునాడే కొన్న స్కూటరు బ్యాటరీ పడకగదిలో ప్రేలి, ఒక గృహస్థు ప్రాణములు కోల్పోయెను. అతని కుటుంబమువారు గాయపడిరి. ఒక దోషము ఏడాదికి బయటపడెను. ఒకటి ఒక్క రాత్రికే బయటపడెను.

మరలపిలుపులు అప్పుడు వచ్చెను. ఏప్రిల్ 16న ఒకినావా సంస్థ 3,215 వాహనములను, బ్యాటరీ కలయికలు వదులైనవేమో చూచుటకు పిలిచెను. 21వ తేదీని కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ నిర్లక్ష్యము చేసిన సంస్థలను శిక్షింతుమని హెచ్చరించెను. ఆ దినముననే హైదరాబాదు సంస్థయైన ప్యూర్ ఈవీ 2,000 వాహనములను పిలిచెను. 24న ఓలా సంస్థ 1,441 స్కూటర్లను పిలిచెను. ఇవి యన్నియు స్వచ్ఛందములని ప్రకటింపబడెను. ఏడాదిగా పుస్తకములోనున్న చట్టమును కదల్చుటకు ఇన్ని చావులు కావలసివచ్చెనా యని అడుగక తప్పదు. అటుపిమ్మట సెప్టెంబరు 12న సికిందరాబాదులో ఒక విద్యుత్స్కూటర్ల దుకాణమున పుట్టిన అగ్నివలన పొగ పైనున్న లాడ్జిని క్రమ్మగా 8 మంది మృతినొందిరి. కొన్నవారే కాక, ఆ వాహనములను కన్నెత్తియు చూడని బాటసారులును ఈ వ్యవహారమున చిక్కుకొనిరి.

ప్రభుత్వము ఊరకుండలేదు. హైదరాబాదు బాలాపురములోని పరిశోధనా కేంద్రమునకు అప్పుడు డైరెక్టరుగా నుండిన తాతా నరసింగరావుగారి అధ్యక్షతను నిపుణుల సంఘమును నియమించెను. వారి సిఫారసులనుబట్టి ఏఐఎస్-156, ఏఐఎస్-038 అను ప్రమాణములు సవరింపబడి, 2022 డిసెంబరు 1నుండి ఒక విడతగను, 2023 మార్చి 31నుండి రెండవ విడతగను అమలులోనికి వచ్చెను. సెల్లుల నడుమ తగిన ఎడముండవలెను; లోపల పుట్టిన వాయువు పోవుటకు దారి యుండవలెను; వేడి మితిమీఱిన శబ్దముచేతను కాంతిచేతను హెచ్చరింపవలెను; ప్రతి సెల్లుపైనను అది చేయబడిన నెలయు సంవత్సరమును కనబడవలెను. ఇది మెచ్చదగిన పని. కాని ఇది రాబోవు వాహనములకు రక్ష. అంతకుముందే కొన్నవాని కష్టము అట్లే యుండిపోయినది.

ఆ కష్టమెట్టిది? నెలనెల వాయిదా కట్టుచు ఒకే వాహనముతో సంసారము నడపువాడు, పిలుపు వచ్చినంతనే దానిని అప్పగింపవలెను. ఎన్నాళ్లకు తిరిగి వచ్చునో చెప్పువారుండరు. వాహనము ఆగినను వాయిదా ఆగదు. తిరిగి వచ్చినప్పుడు, లోపల ఏమి చూచిరో, ఏమి మార్చిరో తెలుపు కాగితము చేతికి రాదేని, ఆ రాత్రి దానిని మరల ఏ ధైర్యముతో ఛార్జింగునకు పెట్టును? 2020 జులైలో అమలునకు వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టము దోషవస్తువు వలని హానికి తయారుచేసినవానిని బాధ్యుని చేసినది. కాని ఆ అధ్యాయమున హాని యన్న మాటలో ఆ వస్తువునకే కలిగిన నష్టమును, వట్టి ఆర్థికనష్టమును చేర్చలేదు. ఇల్లు కాలినవానికి మార్గమున్నది. కాలునేమో యని నిద్రలేక గడపినవాని దినములకు విలువ కట్టువారు లేరు.

మఱియొక కొఱత కలదు. నిజామాబాదు దుర్ఘటన పిమ్మట ఆ సంస్థ విచారము తెలుపుచు, ఆ వాహనము తమ అమ్మకపు లెక్కలలో లేదనియు, చేతులు మారినదేమో విచారించుచున్నామనియు ప్రకటించెను. ఈ మాటలోనే చికిత్సకు మూలమున్నది. మరలపిలుపు మొదటి కొనుగోలుదారు పేరిట పోవును. అపాయము మాత్రము వాహనము వెంట పోవును. రిజిస్ట్రేషనుగల వాహనము నేడెవరిదో రవాణాశాఖ లెక్కలో కనబడును. గంటకు 25 కిలోమీటర్లు దాటని చిన్న స్కూటర్లకు రిజిస్ట్రేషనే అక్కఱలేదు. అవి ఎవరి యింట నున్నవో చెప్పు పట్టిక ఎక్కడను లేదు.

పెట్రోలు బండ్లును మండుట లేదా యని కొందఱు అడుగుదురు. మండును. కాని పెట్రోలు డబ్బాను నిదురించు పిల్లల చెంత ఎవ్వరును పెట్టరు. ఊడదీయదగు బ్యాటరీని పెట్టుచున్నారు, ఏలయన అట్లు పెట్టవచ్చునని చెప్పియే దానిని అమ్మిరి. విద్యుద్వాహనము వలదని మేము చెప్పుట లేదు. పొగలేని వీధి మనకు కావలెను. నమ్మకము లేనిదే అది రాదు. పూచీ లేనిదే నమ్మకము రాదు.

కావున చేయవలసిన పనులు స్పష్టములు. మరలపిలుపు ప్రస్తుతపు యజమానికి రవాణాశాఖ ద్వారా తెలుగులో చేరవలెను. చిన్న స్కూటర్లకును ఒక పట్టిక యుండవలెను. సరిచేయుటకు గడువు విధింపవలెను. గడువు దాటిన వేఱొక వాహనమునైనను, ఆ కాలపు వాయిదానైనను సంస్థయే భరింపవలెను. పరీక్షలో తేలిన సంగతిని కాగితముపై వ్రాసి యియ్యవలెను. మోకిలవంటి చోట్ల నివాసుల సంఘములు గాలియాడు బయలులో, పడకలకును మెట్లకును దూరముగా, ఛార్జింగు స్థలములను ఏర్పఱచుకొనవలెను. ఈ కడపటి పనికి ఏ చట్టమును ఎదురుచూడనక్కఱలేదు.

ఎద్దు గుణము తెలియుటకు ఐదు దినములు చాలునని పూర్వులు ఎంచిరి. బ్యాటరీ గుణము తెలియుటకు అది వాహనములో నున్నన్నాళ్లును కావలెను. పూచీయు అన్నాళ్లే యుండవలెను. సంతలో అమ్మినవాని ముఖమైనను కొన్నవాడు ఎఱుగును. నేడు అమ్మినవాడు ఎక్కడనో యున్నాడు. కావుననే నాడు సంత పెద్దలు చేసిన పనిని నేడు ప్రభుత్వము చేయవలసియున్నది.