సంఖ్య నుంచి వర్ణానికి: గింప్ సాఫ్ట్‌వేర్‌లో వర్ణనిర్వహణ – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: కంప్యూటరు చిత్రంలో రంగు ఒక సంఖ్యల సమూహంగా నిక్షిప్తమై ఉంటుంది. ఆ సంఖ్యలు ఏ రంగును సూచిస్తున్నాయో చెప్పే వివరం తోడు లేకపోతే ఒకే చిత్రం ఒక్కో తెరమీద ఒక్కో తీరుగా కనిపిస్తుంది. ఆ వివరాన్ని చిత్రంతోపాటు నిలిపి, తెరకూ అచ్చుకూ తగినట్టు అనువదించే పద్ధతినే కలర్ మేనేజ్‌మెంట్ అంటారు. ఈ వ్యాసంలో దానిని వర్ణనిర్వహణ అని వ్యవహరించాను. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అయిన గింప్‌లోకి ఈ పద్ధతి ప్రవేశించిన క్రమాన్ని 1996 నుంచి 2025 వరకు పరిశీలించి, అందులో జరిగిన ఆలస్యానికి కారణం జ్ఞానలోపం కాదని, తొలి నిర్మాణంలోనే ఇమిడిపోయిన ఒక ఊహ అని ప్రతిపాదించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: వర్ణనిర్వహణ, గింప్, ఐసీసీ ప్రొఫైలు, లిటిల్ సీఎంఎస్, జెగల్, ఫిల్మ్ గింప్, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్.

1. ఉపోద్ఘాతం

యూనికోడ్ వ్యాప్తిలోకి రాకముందు తెలుగు డీటీపీతో పరిచయం ఉన్నవారికి ఒక అనుభవం ఉండే ఉంటుంది. అను ఫాంటులో కూర్చిన ఫైలును ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే తెలుగు కనిపించదు. అర్థంలేని రోమన్ అక్షరాలు, గుర్తులు బారులు తీరి ఉంటాయి. నిజానికి ఫైలు చెడిపోలేదు, అందులోని సంఖ్యలన్నీ ఉన్నచోటనే ఉన్నాయి. ఏ సంఖ్యకు ఏ అక్షరమో చెప్పే ఆధారం మాత్రం ఫైలులో కాక ఫాంటులో ఉంది. యూనికోడ్ చేసిన పని ఆ ఆధారాన్ని ఏ ఒక్క ఫాంటు సొత్తూ కాకుండా అందరికీ ఉమ్మడి చేయడం.

రంగుల విషయంలోనూ ఇదే సమస్య ఉంది. అయితే ఒక ముఖ్యమైన భేదం కూడా ఉంది. అక్షరం తప్పితే చదివేవారికి తక్షణం తెలుస్తుంది. రంగు తప్పితే తెలియదు. కుంకుమ ఎరుపు కాస్త నారింజకు తిరిగినా, పాత తాటాకు ఛాయ కాస్త పచ్చబడినా చూసేవారు అదే అసలు రంగని నమ్ముతారు. గుర్తించలేని పాఠాంతరం వంటిది ఇది. వర్ణనిర్వహణ చరిత్రను సాంకేతిక నిపుణులకే వదిలివేయకుండా గ్రంథపరిష్కరణతో సంబంధం ఉన్నవారు కూడా తెలుసుకోవలసిన అవసరం ఇక్కడే ఉంది.

2. సంఖ్యకు అర్థం ఎవరు చెబుతారు?

ఎరుపు 255, ఆకుపచ్చ 0, నీలం 0 అన్న మూడు సంఖ్యలు ఒక ఆదేశం మాత్రమే: ఎర్రటి కాంతిని సాధ్యమైనంత ఎక్కువగా, మిగిలిన రెండింటినీ అసలు లేకుండా చూపమని. ఆ ఎర్రటి కాంతి ఎటువంటిది అన్నది తెరను తయారుచేసిన పద్ధతిని బట్టి ఉంటుంది. కాబట్టి పరికరంతో నిమిత్తం లేని ఒక కొలమానం కావాలి. ఆ కొలమానం కంప్యూటరు కంటే చాలా పాతది. 1920ల చివర ఇంగ్లండులో డేవిడ్ రైట్ 10 మందితో, జాన్ గిల్డ్ 7గురితో వేర్వేరుగా వర్ణసామ్య ప్రయోగాలు చేశారు. ఆ 17 మంది చూపును ఆధారం చేసుకొని అంతర్జాతీయ ప్రకాశ సంఘం 1931లో ‘ప్రామాణిక పరిశీలకుడు’ అనే భావనను స్థిరపరచింది. నేటి ఫోన్లలోని రంగుల లెక్కలకు కూడా ఆ పరిశీలకుడే మూలపురుషుడు కావడం ఆశ్చర్యం కలిగిస్తుంది.

1993లో అడోబీ, యాపిల్, కొడాక్, మైక్రోసాఫ్ట్ మొదలైన 8 సంస్థలు కలిసి అంతర్జాతీయ వర్ణసంఘాన్ని నెలకొల్పాయి. ఐసీసీ అన్న పొడి పేరుతో ఇది ప్రసిద్ధం. ప్రతి కెమెరాకు, స్కానరుకు, తెరకు, ముద్రణయంత్రానికి దాని ‘ప్రొఫైలు’ ఒకటి ఉండాలని, ఆ పరికరపు సంఖ్యలు ఉమ్మడి కొలమానంలో ఏ రంగులకు సమానమో అది చెప్పాలని ఈ సంఘం పద్ధతిని రూపొందించింది. ఉమ్మడి కొలమానం మధ్యవర్తి భాష వంటిది. నూరు భాషల మధ్య ఒక్కో జంటకు ఒక్కో నిఘంటువు అవసరం లేకుండా, ప్రతి భాషకూ మధ్యవర్తి భాషతో ఒక్క నిఘంటువు ఉంటే సరిపోతుంది. 1996లో హ్యూలెట్ ప్యాకర్డ్, మైక్రోసాఫ్ట్ సంస్థలు ప్రతిపాదించిన ఎస్‌ఆర్‌జీబీ ఇంకో మార్గం తొక్కింది. ఏ ప్రొఫైలూ లేని చిత్రాన్ని ఒక సగటు తెర కోసం తయారైనదిగా భావించమని అది సూచించింది. సౌకర్యమైన ఊహే. కానీ ఊహే.

3. గింప్ తొలి నిర్మాణం

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్లీ శాఖలో విద్యార్థులైన స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ 1995లో గింప్ రచన ప్రారంభించారు. 1996 జనవరిలో 0.54 సంచిక బయటకు వచ్చింది. ప్రతి పిక్సెలులో ఒక్కో వర్ణానికి 8 బిట్లు, అంటే 256 మెట్లు మాత్రమే ఉండేవి. ఆనాటి తెరలకు, వెబ్ చిత్రాలకు అది చాలు. అయితే ఈ నిర్మాణంలో పైకి చెప్పని ఊహ ఒకటి ఉంది: ఫైలులోని సంఖ్య, తెరకు పంపే సంఖ్య ఒకటే అన్నది. చిత్రాన్ని మసకబార్చే సాధనం, రెండు పొరలను కలిపే సాధనం, కుంచె, వడపోత అన్నీ ఈ ఊహ మీదనే రాయబడ్డాయి.

ఈ సందర్భంలో 1998వ సంవత్సరాన్ని ప్రత్యేకంగా చూడాలి. ఆ ఏడాది గింప్ 1.0 వెలువడింది. అడోబీ ఫొటోషాప్ 5.0 ద్వారా ఐసీసీ ప్రొఫైళ్ళ ఆధారంగా నడిచే వర్ణనిర్వహణ ఆ రంగంలోని ప్రధాన సాఫ్ట్‌వేర్‌కు చేరింది. స్పెయిన్‌కు చెందిన మార్తీ మరియా, ఐసీసీ ప్రొఫైళ్ళను చదివి రంగులను మార్చే లిటిల్ సీఎంఎస్ అనే స్వేచ్ఛా గ్రంథాలయాన్ని మొదలుపెట్టిన సంవత్సరమూ అదే. ప్రోగ్రామర్ల పరిభాషలో గ్రంథాలయమంటే ఇతరులు తమ సాఫ్ట్‌వేర్‌లో కలుపుకోగల సిద్ధ సాధనాల సంపుటి. అంటే ప్రమాణం ఉంది, మార్గదర్శకమైన ఉదాహరణ ఉంది, ఉచితంగా వాడుకోగల సాధనమూ రూపొందుతోంది. అయినా గింప్‌లో వర్ణనిర్వహణ చెప్పుకోదగ్గ రూపంలో రావడానికి మరో 9 ఏళ్ళు పట్టింది. ‘స్వచ్ఛంద సేవకులకు రంగుల శాస్త్రం తెలియదు’ అన్న వాదన అందువల్ల నాకు అంగీకారయోగ్యంగా తోచదు.

4. ఫిల్మ్ గింప్: కలవని పాయ

1998లోనే మరొక పరిణామం జరిగింది. లాస్ ఏంజలిస్‌లోని రిథమ్ అండ్ హ్యూస్ అనే సినీ దృశ్యప్రభావాల సంస్థకు గింప్ ఉపయోగపడేలా ఉంది, కానీ 8 బిట్లు చాలవు. ఫిల్మును స్కాన్ చేసిన చిత్రంలో చీకటి భాగాలను వెలిగిస్తే 256 మెట్లు కంటికి పట్టీలుగా కనిపిస్తాయి. వెండితెరమీద ఆ దోషాన్ని దాచడం సాధ్యం కాదు. అందుచేత సినీరంగం పూనికతో ఒక్కో వర్ణానికి 16 బిట్లు పట్టే పాయ ఒకటి తయారైంది. అదే ఫిల్మ్ గింప్. తరువాత దాని పేరు సినీపెయింట్‌గా మారింది. తెలుగువారికి ఈ సంస్థ అపరిచితం కాదు. హైదరాబాదులో దాని శాఖ ఉండేది, ‘లైఫ్ ఆఫ్ పై’ దృశ్యాలలో కొంత పని అక్కడ జరిగింది.

ఈ పాయ ప్రధాన గింప్‌లో కలవలేదు. ఉన్న నిర్మాణానికి అతుకు వేయడం కంటే పునాదినే కొత్తగా నిర్మించాలన్నది గింప్ రచయితల పట్టు. ఫిల్మ్ గింప్‌లో పనిచేసిన కాల్విన్ విలియమ్సన్, కరోలిన్ డాలోఫ్ 2000లో ఆ కొత్త పునాదికి రూపకల్పన ప్రారంభించారు. దాని పేరు జెగల్. ‘జన్యుమార్పిడి చేసిన పెద్ద మేక’ అన్న హాస్యపు విస్తరణ కూడా ఈ పేరుకు ఉంది, ఆ మేకే దాని చిహ్నమైంది. నిర్ణయం సిద్ధాంతరీత్యా సరైనదే. కానీ ఆ పునాది మీద గింప్ పూర్తిగా నిలబడడానికి 18 ఏళ్ళు పట్టింది. ఈలోగా సినీపెయింట్‌లో 16 బిట్లతోపాటు వర్ణనిర్వహణ కూడా ప్రధాన గింప్ కంటే ముందే వచ్చింది. వాడుకరులు చాలక అది క్రమంగా నీరసించింది. సరైన పునాది కోసం ఒక తరం వాడుకరులను నిరీక్షింపజేయడం న్యాయమా అన్న ప్రశ్నకు చరిత్రకారుడు సులభంగా జవాబు చెప్పలేడు.

5. తోక నుంచి వెన్నెముకకు

2007 అక్టోబరులో వచ్చిన గింప్ 2.4 ప్రొఫైళ్ళను గుర్తించి గౌరవించిన మొదటి సంచిక. చిత్రంలో ప్రొఫైలు ఉంటే అది చదువుతుంది, తెర ప్రొఫైలుకు అనుగుణంగా చూపుతుంది, అచ్చులో ఎలా వస్తుందో ముందుగా తెరమీదనే అనుకరించి చూపుతుంది. అయితే ఈ పనులు గర్భంలో జరగలేదు. ప్రొఫైలు మార్పిడిని లిటిల్ సీఎంఎస్ ఆధారిత ప్లగిన్ చేసేది, తెరకు అనువాదాన్ని మరొక విడి భాగం చేసేది. చిత్రపు కిటికీలో ఒక రంగు, రంగుల పెట్టెలోని నమూనాగడిలో దానికి కాస్త భిన్నమైన రంగు కనిపించగల స్థితి అది. గ్రంథానికి వ్యాఖ్యను అనుబంధంగా చేర్చారు, మూలపాఠం మాత్రం మారలేదు. పైగా 8 బిట్లలోనే మార్పిడి చేయడంవల్ల దగ్గరదగ్గర మెట్లు ఒకదానిలో ఒకటి కలిసిపోయేవి. బిట్ల లోతు, వర్ణనిర్వహణ అనేవి రెండు విడి సమస్యలుగా కనిపించినా ఇక్కడ ఒకదానికొకటి చిక్కుపడి ఉన్నాయి.

మలుపు 2012లో వచ్చింది. మిఖాయెల్ నట్టెరర్, ఒయివిన్ కోలాస్ ఒక వారం కూర్చుందామని మొదలుపెట్టి మూడు వారాలపాటు పనిచేసి గింప్ గర్భాన్ని జెగల్ మీదికి మార్చారు. గింప్ బృందం దీన్ని ‘మేకల దండయాత్ర’ అని పిలుచుకుంది. దశాబ్దకాలం చర్చల్లో నలిగిన పని ఇద్దరి కృషితో మూడు వారాలలో కదలడం గమనార్హం. అయితే అంతకుముందు జెగల్ మీద ఏళ్ళ తరబడి జరిగిన నిశ్శబ్ద శ్రమ లేకపోతే ఆ మూడు వారాలు ఉండేవి కావు.

దాని ఫలితం వాడుకరులకు 2018 ఏప్రిల్‌లో 2.10 సంచికగా అందింది. ఒక్కో వర్ణానికి 32 బిట్ల దశాంశ సంఖ్యలవరకు పట్టే సామర్థ్యం వచ్చింది. వర్ణనిర్వహణ ప్లగిన్ స్థానం నుంచి గర్భంలోకి వచ్చింది. చిన్న నమూనా బొమ్మలు, రంగుల గడులు కూడా దాని పరిధిలోకి చేరాయి. అయినా తొలి ఊహ ఛాయ పూర్తిగా తొలగలేదు. ఎస్‌ఆర్‌జీబీ తాలూకు సంఖ్యలు కొన్ని లెక్కల్లో నేరుగా రాసి ఉండేవి. చిత్రం వేరే వర్ణావరణానిదైనా ఆ లెక్కలు దాన్ని ఎస్‌ఆర్‌జీబీగానే భావించేవి. పిక్సెల్ రూపాలను మార్చే బాబల్ అనే గ్రంథాలయం ద్వారా ప్రతి రంగుకు దాని వర్ణావరణాన్ని అంటిపెట్టే సుదీర్ఘమైన పని తరువాత సాగింది. 2025 మార్చిలో వెలువడిన 3.0 సంచికలో దాని ఫలం కనిపిస్తుంది. ముద్రణకు కావలసిన సీఎంవైకే చిత్రాలను ప్రొఫైలు ఆధారంగా ఎగుమతి చేసే వీలు మెరుగుపడినా, చిత్రాన్ని నేరుగా సీఎంవైకేలోనే దిద్దే పద్ధతి అందులో లేదు. ఆ అవసరం ఉన్నవారికి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లలో క్రిటా ఉంది.

6. కేటాయింపు, మార్పిడి

గింప్ పట్టికలో ప్రొఫైలుకు సంబంధించి రెండు ఆదేశాలు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి ప్రొఫైలును కేటాయించడం, రెండవది ప్రొఫైలుకు మార్చడం. కేటాయిస్తే ఫైలులోని సంఖ్యలు మారవు, వాటి అర్థం మారుతుంది. మార్చితే సంఖ్యలు మారతాయి, సాధ్యమైనంతవరకు అర్థం నిలుస్తుంది. మొదటిది వ్యాఖ్యానం, రెండవది అనువాదం అనుకోవచ్చు. ఒకటి చేయవలసినచోట రెండవది చేసి చిత్రాన్ని చెడగొట్టుకోవడం కొత్తవారికి సర్వసాధారణం.

తాళపత్ర ప్రతుల ఛాయాచిత్రాలు వాడే పరిశోధకుడికి ఈ భేదం తప్పనిసరి. ప్రొఫైలు లేని ఫైలును గింప్ ఎస్‌ఆర్‌జీబీగానే భావిస్తుంది. సిరా వెలిసిందా, ఆకు మీద మరక ఉందా, లేక అది కెమెరా పోకడా అన్నది ఆ ఊహ ఆధారంగా తేల్చలేము. ఫొటో తీసేటప్పుడు ఆకు పక్కన ప్రామాణిక వర్ణపట్టికను ఉంచి ఉంటే, అందులోని గడుల అసలు విలువలతో పోల్చి ఆర్గిల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ద్వారా ఏళ్ళ తరువాత కూడా ఆ చిత్రానికి ప్రొఫైలు తయారుచేసి కేటాయించవచ్చు. పట్టిక లేకుండా తీసి భద్రపరచిన చిత్రానికి ఆ దారి లేదు.