పూసా గుర్రాలశాల

వ్యవసాయ, పశుసంవర్ధక శాఖలలో పనిచేసి పదవీ విరమణ చేసిన మన సభ్యులకు ‘పూసా’ అన్న మాట కొత్త కాదు. పూసా సవాని బెండ విత్తనాలు రైతులకు పంచినవారు మనలో ఎందరో ఉన్నారు. అయితే బీహారులోని ఆ ఊరు మొదట పేరు పొందింది విత్తనాలతో కాదు, గుర్రాలతో.

ఈస్టిండియా కంపెనీ తన అశ్వికదళానికి కావలసిన గుర్రాలను ఇక్కడే పుట్టించుకోవాలని 1790లలో పూసాలో అశ్వశాల పెట్టింది. ఆడగుర్రాలను చుట్టుపక్కల జమీందార్లకు పెంపకానికిచ్చి, పుట్టిన పిల్లలను వెల కట్టి కొనేవారు. 1808లో దీనికి సూపరింటెండెంటుగా విలియం మూర్‌క్రాఫ్ట్ వచ్చాడు. ఫ్రాన్సులోని లియాన్‌లో పశువైద్యం చదివి, లండన్‌లో ప్రాక్టీసు పెట్టి బాగా సంపాదించాడు. యంత్రంతో గుర్రపు లాడాలు చేయబోయి ఆ డబ్బు పోగొట్టుకున్నాడు కూడా.

ఆయన మొదట చూసింది మేత. పూసా పొలాలలో ఓట్స్ పంట పెద్ద ఎత్తున వేయించాడు. ఇది చిన్న సంగతి కాదు. ఆడగుర్రం చూలు 11 నెలలు. కడుపులోని పిల్ల చివరి మూడు నెలలలోనే ఎక్కువగా పెరుగుతుంది. అప్పుడు తల్లికి తిండి చాలకపోతే పిల్ల బలహీనంగా పుడుతుంది, పాలూ తగ్గుతాయి. పుట్టిన గంటా రెండు గంటలలో పిల్ల లేచి నిలబడాలి, జున్నుపాలు తాగాలి. రోగాన్ని తట్టుకునే శక్తి దానికి ఆ పాల నుండే వస్తుంది. ఇవన్నీ సవ్యంగా జరిగినా ఆ పిల్ల రౌతును మోయడానికి నాలుగేళ్ళు పడుతుంది. అంటే ఈ ఏడాది జత కట్టించినదాని ఫలితం చూడాలంటే ఐదేళ్ళు ఆగాలి.

కలకత్తా కార్యాలయానికి మాత్రం ఏటా లెక్క కావాలి. ఎన్ని గుర్రాలు సైన్యానికి పంపారు, ఎంత ఖర్చయింది? ఇటువంటి రిటర్నులు నింపిన మనకు ఆయన అవస్థ వేరే చెప్పాలా!

నా ఉద్దేశంలో, చివరికి ఓపిక నశించింది ఆయనకే. మంచి విత్తు గుర్రాలు మధ్య ఆసియాలో దొరుకుతాయన్న నమ్మకం బలంగా పట్టుకుంది. 1812లో గోసాయి వేషంలో టిబెట్టుకు వెళ్ళి మానససరోవరం చూశాడు. తిరిగి వచ్చేటప్పుడు వెంట తెచ్చినవి శాలువ ఉన్ని మేకలు! 1819లో మళ్ళీ బయలుదేరాడు. దారిలో లడఖ్‌లో అనుమతి లేకుండా వర్తక ఒప్పందం కుదిర్చి ప్రభుత్వం చేత చీవాట్లు తిన్నాడు. 1825లో బుఖారా చేరాడు గాని ఆశించినన్ని గుర్రాలు దొరకలేదు. తిరుగు ప్రయాణంలో అదే ఏడాది ఆగస్టులో, నేటి అఫ్ఘానిస్థాన్‌లోని ఆంద్‌ఖోయ్ వద్ద జ్వరంతో కన్నుమూశాడు. ఆరేళ్ళు పూసా ఆడగుర్రాలకు దూరంగా ఉన్నాడు. ఆయన వేయించిన మేత వాటికి చేసిన మేలు, ఆ ప్రయాణం చేయలేదని నాకు అనిపిస్తుంది.

ఆయన యాత్రా పత్రాలు 1841లో పుస్తకంగా వెలువడ్డాయి. పూసా అశ్వశాల 1870లలో మూతపడింది. సైన్యం ఆస్ట్రేలియా గుర్రాల మీద ఆధారపడింది. ఖాళీ అయిన ఆ భూములలోనే 1905లో వ్యవసాయ పరిశోధన సంస్థ వెలసింది. 1934 భూకంపంలో దాని భవనాలు దెబ్బతినగా, 1936లో సంస్థ ఢిల్లీకి తరలింది. ఊరు బీహారులోనే ఉండిపోయింది, పేరు మాత్రం సంస్థ వెంట వెళ్ళింది.