సఫేద్‌పోషుల మకాన్

ఉర్దూలో ‘సఫేద్‌పోష్’ అని ఒక మాట ఉంది. తెల్లబట్టలు తొడుక్కునేవాడు అని. ఇంట్లో పొయ్యి వెలగకపోయినా ఇస్త్రీ బట్టలతో బయటికెళ్లేవాడు. ఖైరాత్‌కి చెయ్యి చాపలేడు, కోఠీ కట్టుకోలేడు. ఈ దర్మియానీ తబ్కాకి హైదరాబాద్‌లో మకాన్ ఎలా దొరికింది, ఎలా చెయ్యిజారింది అన్న తవారీఖ్ మన స్కూలు కితాబుల్లో ఉండదు.

1908 సెప్టెంబర్ 28న మూసీకి తుగ్యానీ వచ్చింది. వేలమంది పోయారు. మొహల్లాలకు మొహల్లాలే కొట్టుకుపోయాయి. మూడేళ్లకి ప్లేగు. 1912లో సర్కార్ ఒక మహకమా పెట్టింది. దాని పేరు ఆరాయిషె బల్దా, అంటే సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు. పత్థర్‌గట్టీ దుకాణాలు చూసి దాన్ని మెచ్చుకునేవాళ్లున్నారు. నాకు మాత్రం దాని అసలు కార్నామా మలక్‌పేట, నాంపల్లి మకాన్లే. ఇరుకు గల్లీలు కూల్చి, గాలీ వెలుతురూ వచ్చేలా చిన్నవీ పెద్దవీ ఇళ్లు కట్టి కిరాయికిచ్చింది. ఇది నిజాం తారీఫ్ కాదు. ఆ కిరాయి కూడా కట్టలేని మజ్దూర్‌కి మళ్లీ ఇరుకు బస్తీయే గతి. కానీ ఇల్లు కట్టడం సర్కార్ పని అన్న ఉసూల్ అక్కడే నిలబడింది.

1960లో ఆ మహకమా ఆంధ్రప్రదేశ్ హౌసింగ్ బోర్డులో కలిసింది. విజయనగర్ కాలనీ, వెంగళరావు నగర్, తర్వాత కూకట్‌పల్లి కాలనీ వచ్చాయి. ఎల్లైజీ, ఎమ్మైజీ, హెచ్చైజీ అని ఆమ్దానీని బట్టి ఇళ్లు. ఎమ్మైజీ అంటే మన సఫేద్‌పోష్‌కి దఫ్తర్ పెట్టిన పేరే. హిసాబ్ సీదా: ఊరి బయట జమీన్ చవగ్గా ఉన్నప్పుడే బోర్డు తీసుకుంటుంది, ఇళ్లు కడుతుంది, ఏళ్ల తరబడి కిస్తుల్లో వసూలు చేసుకుంటుంది. మా అబ్బా క్లర్కు తన్ఖాతో కిస్తులు కట్టి ఇంటివాడయ్యాడు.

తర్వాత సర్కార్లకి జమీన్ మీద నజర్ మారింది. 2023లో కోకాపేటలో ఎకరం 100 కోట్లు దాటి పోయింది. 2025లో అదే కూకట్‌పల్లి కాలనీలో హౌసింగ్ బోర్డే సుమారు 7.8 ఎకరాలు హర్రాజు వేసింది. ఎకరం 70 కోట్లు! ఎకరానికి 4,840 గజాలు. అంటే గజం దాదాపు 1.44 లక్షలు. వంద గజాల ఇంటికి ఇటుక పెట్టకముందే కోటీ నలభై నాలుగు లక్షలు. ఏ టీచర్, ఏ నర్సు, ఏ క్లర్కు కొంటారు?

హర్రాజు పైసలతో గరీబుల పథకాలు నడుస్తాయని ఒక దలీల్ ఉంది. నడవనీయండి. కానీ జమీన్ ఒకసారే అమ్ముకోగలం. సఫేద్‌పోష్ సడక్ మీదికొచ్చి నారా ఇవ్వడు. ఇజ్జత్‌కి భయపడి నెల మొదట్లో కిరాయి కట్టి, మిగిలిన దాంతో సర్దుకుంటాడు. ఆ ఖామోషీని రజామందీ అనుకోకండి. సర్కార్ చేతిలో మిగిలిన జమీన్‌లో కొంతైనా హర్రాజుకి కాకుండా కిస్తులకి ఉంచమనడం అతని హక్.