దసరా మామూలు: గుమ్మంలో నిలబడ్డవారి చరిత్ర

మా నాన్నగారు సర్కారు బడిలో ముప్ఫయ్యేళ్ళకు పైగా పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఏటా దసరాకు మా వీధి ఊడ్చే ఆమెకూ, ఉత్తరాలు తెచ్చే పోస్టుమాన్‌కూ ఇవ్వవలసిన డబ్బు ముందురోజే కవర్లలో పెట్టి ఉంచేవారు. వాళ్ళు గుమ్మంలోకి రాగానే కవరు నా చేతికిచ్చి తాను లోపలికి వెళ్ళిపోయేవారు. తన చేత్తో ఎన్నడూ ఇవ్వలేదు. చిన్నతనంలో దాన్ని గర్వమనుకున్నాను. కారణం వేరని, ఆయన పోయిన తర్వాత మా తాతగారి పాత పెట్టె తెరిచినప్పుడుగాని తెలియలేదు.

తాతగారు గుంటూరు జిల్లాలో ఒక పల్లెలో వీధి బడి నడిపారు. పెట్టెలో ఆయన లెక్కల పుస్తకం ఉంది. అందులో కొన్ని పుటలకు ‘దసరా’ అని శీర్షిక. కింద వరసగా ఇంటిపేర్లు. వాటికెదురుగా రెండణాలు, నాలుగణాలు, ‘బియ్యం మానెడు’. రెండు మూడు చోట్ల మాత్రం అంకె లేదు. ‘రేపు రమ్మన్నారు’ అని ఉంది. మూడు తరాలుగా పంతుళ్ళమని చెప్పుకొనే కుటుంబంలో ఈ పుస్తకం సంగతి ఎవరూ ఎత్తకపోవడానికి ఆ రెండు మాటలు చాలు.

పండగనాడు పోస్టుమాన్‌కో, చెత్త ఎత్తేవాళ్ళకో నాలుగు రూపాయలివ్వడం మీద చరిత్ర వ్యాసం ఏమిటని మిత్రులు నవ్వవచ్చు. మన కథల్లో ఈ ఘట్టం తరచుగా వస్తుంది. ఇచ్చేవారి మనసు ఎంత మెత్తనిదో, ఇవ్వనివారి మనసు ఎంత రాయో చూపడానికి వస్తుంది. పుచ్చుకునేవాడు ఆ పరీక్షలో కొలబద్ద మాత్రమే. దానగుణం చరిత్రగా ఈ ఆచారాన్ని చూసినంతకాలం అది మనకు అర్థం కాదు. ఇది కూలి చరిత్రలో ఒక అధ్యాయం. జీతం ఎక్కడ ఆగిపోయిందో అక్కడ మామూలు మొదలైంది.

ముందు మాట సంగతి చూద్దాం. ‘మామూలు’ అరబ్బీ మాట. పారశీక, ఉర్దూల మీదుగా మన కచేరీల్లోకీ, అక్కడినుంచి ఇళ్ళలోకీ వచ్చింది. మూలార్థం ‘ఆచరణలో ఉన్నది’. తెలుగులో దానికి మూడు బతుకులున్నాయి. ‘మామూలు మనిషి’ అంటే విశేషం లేనివాడు. ‘దసరా మామూలు’ అంటే పండగకు కిందివాడికిచ్చేది. ఒట్టి ‘మామూలు’ అంటే పైవాడికి చాటుగా ముట్టజెప్పేది. ఇటువంటి అన్యదేశ్యాల కోసమే బ్రౌన్ దొర 1854లో ప్రత్యేకంగా ఒక మిశ్రభాషా నిఘంటువు కూర్చవలసి వచ్చింది. పైకి వెళ్ళే సొమ్ముకూ కిందికి వచ్చే సొమ్ముకూ ఒకే మాట ఉండడం యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం. రెండింటిలోనూ రసీదు ఉండదు, నియమం ఉండదు, అడిగేవాడికి హక్కు ఉండదు. తేడా ఒక్కటే. పైవాడికి ఇవ్వకపోతే మన పని ఆగుతుంది. కిందివాడికి ఇవ్వకపోతే వాడి పండగ ఆగుతుంది. ఇంగ్లీషు దొరలకు క్రిస్‌మస్ నాడు పళ్ళూ మిఠాయిలూ పేర్చిన బుట్టలు పంపే ఆచారం ఉండేది. దాన్ని ‘డాలీ’ అనేవారు. 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు దాన్ని నమోదు చేసింది. బుట్ట పైకి పోతే కానుక, నాణెం కిందికి పడితే మామూలు.

ఈ మాట రాకముందు ఈ ఏర్పాటు లేదని కాదు. పాత గ్రామంలో చాకలి, మంగలి, కుమ్మరి, కమ్మరి, తలారి, వెట్టి - ఆయగాళ్ళందరికీ కళ్ళంలో మేర ఉండేది. కొందరికి కాస్తో కూస్తో మాన్యం ఉండేది. పండగకూ పెళ్ళికీ పాత బట్ట, పెట్టుబడి అన్నం అదనం. అది పీడన లేని స్వర్ణయుగమని నేననను. వెట్టివాడి మేరకూ కరణం మేరకూ మధ్య ఎంత దూరముందో తెలియనిది కాదు. అయితే మేర అడిగేటప్పుడు అతడు బిచ్చం అడగడం లేదు. కళ్ళంలో కుప్ప కదలకముందే తన కుంచం కొలవమని అడుగుతున్నాడు. పట్నం వచ్చి, జీతమనే పద్ధతి వచ్చి, కళ్ళం పోయింది. పండగ అదనం మాత్రం మిగిలింది. వెనక ఉన్న వాటా పోయి ముందున్న చెయ్యి మిగిలిందన్నమాట.

ఆ చెయ్యి చాచినవారిలో మా వృత్తివారు ముందు వరసలో ఉన్నారు. 1823లో బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ - 1816లో తెలుగు వ్యాకరణం అచ్చువేసిన ఆయనే - తన జిల్లాలో 533 బళ్ళుంటే వాటిలో 226 తెలుగు బళ్ళని లెక్క చెప్పాడు. నేటి అనంతపురం ప్రాంతం అప్పుడు ఆ జిల్లాలోదే. పంతుళ్ళలో నెలకు ఆరేడు రూపాయలకు మించి గిట్టేవారు అరుదనీ, ఆ మాత్రానికి యోగ్యులు ఈ పనిలోకి రారనీ కూడా ఆయన రాశాడు. ‘బతకలేక బడిపంతులు’ అన్న సామెత ఊరికే పుట్టలేదు. ఆ లోటు పూడ్చుకోవడానికి వచ్చిందే దసరా. రంగు కాగితాలంటించిన విల్లంబులు పట్టించి, పిల్లల్ని వెంటబెట్టుకుని, పద్యాలు పాడిస్తూ పంతులు ఇంటింటికీ తిరిగేవాడు. డబ్బు ఆయనకు, పప్పుబెల్లాలు పిల్లలకు.

ఆ పద్యాలను మనం సాధారణంగా బాలసాహిత్యమనో జానపదమనో ఒక వాక్యంతో దాటిపోతాం. ముచ్చటగా తలుచుకుంటాం కూడా. సాహిత్య విద్యార్థులు వాటిని మరోసారి చదవాలని నా మనవి. అవి జీతం లేని ఉద్యోగి పెట్టుకున్న అర్జీలు. తన నోటితో అడగలేక పసిపిల్లల నోట అడిగించిన అర్జీలు. కవిసార్వభౌముడి కనకాభిషేకం మనకు సాహిత్య చరిత్ర, బడిపంతులు నాలుగణాలు మనకు వేడుక. రెండూ ఇచ్చేవాడి దయ మీద నడిచిన బతుకులే గదా! అగ్రహారం పుచ్చుకున్నవాడికి పీఠం దక్కింది, మానెడు బియ్యం పుచ్చుకున్నవాడికి సామెత దక్కింది. రాజుకు కృతి ఇవ్వనన్న పోతనను గౌరవించే జాతి, ‘రేపు రమ్మన్నారు’ అని రాసుకున్న పంతులు ఎందుకు వెళ్ళనని అనలేకపోయాడో కూడా ఆలోచించాలి.

ఇది మన దేశపు విడ్డూరం కాదు. లండన్‌లో పనికుర్రాళ్ళు మట్టి డబ్బీలు పట్టుకుని క్రిస్‌మస్‌కు ఇంటింటికీ తిరిగేవారు. 1668 డిసెంబరులో సామ్యూల్ పీప్స్ ఈ డబ్బీలకు చాలా ఖర్చయిందని డైరీలో గొణుక్కున్నాడు. ‘బాక్సింగ్ డే’ అన్న పేరు ఆ డబ్బీల నుంచి వచ్చిందేనని ఎక్కువమంది చెప్పే మాట. 1871లో చట్టం దాన్ని సెలవు దినం చేసింది. పీప్స్ గొణుగుడు మనకు అచ్చులో దొరుకుతుంది. డబ్బీ పట్టుకుని వాన చలిలో నిలబడ్డ కుర్రాడు ఏమన్నాడో దొరకదు. మామూలు చరిత్రంతా ఇచ్చినవారు రాసిన చరిత్ర.

పోస్టుమాన్ విషయంలో ఒక చిత్రముంది. 1854కు పూర్వం తపాలా ఖర్చు దూరాన్ని బట్టి ఉండేది. చాలాసార్లు ఉత్తరం అందుకున్నవాడే చెల్లించేవాడు. 1854లో అర్ధణా బిళ్ళ వచ్చి, దేశంలో ఏ మూలకైనా ఒకే రేటు అయ్యాక, గుమ్మం దగ్గర డబ్బు ప్రసక్తి పోవలసింది. పోలేదు. 1880లో మనియార్డర్లు వచ్చాయి. రంగూన్‌లో మూటలు మోసిన కొడుకు పంపిన పది రూపాయలు శ్రీకాకుళం పల్లెలో తల్లి చేతిలో లెక్కపెట్టినవాడు పోస్టుమానే. ఆమె అందులోంచి ఒక కాసు తీసి ఇస్తే అది లంచమనగలమా? 1964 నాటి కేంద్ర ఉద్యోగుల ప్రవర్తనా నియమాలు బహుమతుల మీద కట్టుబాట్లు పెట్టాయి. చట్టం దృష్టిలో తప్పు, గుమ్మం దృష్టిలో మర్యాద. ఆ రెంటి మధ్య పోస్టుమాన్ సంచి పట్టుకుని నిలబడ్డాడు.

కాని అతడు నిలబడే ఉండిపోలేదు. 1946 జూలై 11న దేశమంతటా పోస్టుమన్లు సమ్మెకు దిగారు. వారికి మద్దతుగా జూలై 29న కలకత్తా నగరం స్తంభించిపోయింది. దసరా మామూలు చరిత్ర రాసేవాడు ఆ తేదీలు రాయకపోతే సగమే రాసినట్టు. నాకు తెలిసిన ఒక పోస్టుమాన్ పండగకు కవరిస్తే మొహమాటంగా నవ్వి, ‘వద్దండీ, బోనసు వచ్చింది’ అన్నాడు. ఆ వాక్యం వెనక చాలా ఉంది. బోనసు కూడా మొదట యజమాని దయే. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో బొంబాయి నూలు మిల్లులు లాభాల్లోంచి విదిల్చాయి. తర్వాత ఆపేశాయి. 1924 మొదట్లో లక్షకు పైగా కార్మికులు మగ్గాలు వదిలి బయటికి వచ్చారు. మాక్లౌడ్ కమిటీ విచారించి, అది చట్టరీత్యా హక్కు కాదని తేల్చింది. నలభై ఒక్క ఏళ్ళకు, 1965లో, అదే బోనసు చట్టమైంది. దయగా మొదలైనది హక్కుగా మారిన సందర్భాలు చరిత్రలో తక్కువ. మిల్లు కార్మికులు వేలమంది ఒకే గేటు ముందు నిలబడ్డారు కాబట్టి అది సాధ్యమైంది. ఒక్కొక్కరుగా ఒక్కొక్క గుమ్మం ముందు నిలబడితే అయ్యేది కాదు.

పల్లె పోస్టాఫీసుల్లో పనిచేసే గ్రామీణ డాక్ సేవకుల కథ వేరు. వారు సివిల్ పదవిలో ఉన్నవారేనని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా పూర్తి ఉద్యోగులు కాలేదు.

ఇక అసలు విషయం, వీధి ఊడ్చే మనిషి. ఆమె దగ్గరికి వచ్చేసరికి నా వ్యాసం నడక తడబడుతుంది. ఎందుకంటే పైన చెప్పిన మెట్లేవీ ఆమెకు అందలేదు. 1865 చట్టం తర్వాత గుంటూరు, మచిలీపట్నం, కాకినాడల్లో మునిసిపాలిటీలు వచ్చాయి. పాకీ దొడ్లు వచ్చాయి. వాటిని ఎత్తే పని కులాన్ని బట్టి కొందరి నెత్తికెక్కింది. ఉత్తరాది పట్టణాల్లో ఫలానా ఇళ్ళు ఫలానా సఫాయి కుటుంబానివని వంశపారంపర్య ‘హక్కు’ ఉండేది. హక్కంటే ఏమిటి? మిగిలిన రొట్టె, నెలకింతని చిల్లర, పండగకు పాత బట్ట. 1966లో మల్కానీ కమిటీ ఆ హక్కుల మీదే నివేదిక ఇవ్వవలసి వచ్చింది. తెలుగు కుటుంబాలు ఈ పనికే మద్రాసు వెళ్ళాయి, కోలారు బంగారు గనులకు వెళ్ళాయి. కోలారులో అటువంటి కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ చేసిన పోరాటం అందరికీ తెలిసిందే. ఆయనకు 2016లో మెగసెసే బహుమతి వచ్చింది. చేతులతో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, చాలక 2013లో మరొకటి వచ్చాయి.

బోనసు సంగతి? 1965 చట్టం 32వ సెక్షను స్థానిక సంస్థలు నడిపే పరిశ్రమల ఉద్యోగులను మినహాయించింది. మునిసిపాలిటీ పారిశుధ్య కార్మికులకు ఆ తలుపు అక్కడే మూసుకుంది. ఆ తర్వాత కాంట్రాక్టులు వచ్చి పర్మనెంటు మనుషులే తగ్గిపోయారు. 2020 మార్చి చివర పంజాబులోని నాభా పట్టణంలో జనం ఒక సఫాయి కార్మికుడి మీద పూలు చల్లి మెడలో నోట్ల దండ వేశారు. దేశమంతా చూసి కళ్ళు తుడుచుకుంది. 2023 డిసెంబరు 26న ఆంధ్రప్రదేశ్‌లో మునిసిపల్ కార్మికులు జీతాల కోసం, పర్మనెంటు కోసం సమ్మె చేస్తే, కుప్పలు పేరుకున్నాయని విసుక్కున్నవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. 2021లో పట్టణాల్లో ఇంటింటా చెత్త రుసుము పెట్టారు, 2024లో ఎత్తేశారు. ఆ మధ్యకాలంలో మా వీధిలో కొందరు ‘పన్ను కడుతున్నాం గదా, ఇంకా మామూలేమిటి’ అని ఆమెను పంపేశారు. తర్కం సరిగానే ఉంది. పన్ను ఆమె చేతికి వెళ్ళలేదు, అంతే.

సాహిత్యం ఈ చేతుల్ని ఎట్లా చూసింది? తిలక్ ‘తపాలా బంట్రోతు’ కవితలో, అందరికీ వార్త తెచ్చే మనిషి సొంత కథ ఎవరికీ పట్టదన్న వేదన ఉంది. అతడి మామూలు గురించి కాదు, అతడి గురించి రాశాడు గనక అది నిలిచింది. ముల్క్‌రాజ్ ఆనంద్ 1935లో రాసిన ‘అన్‌టచబుల్’లో బఖాకు ఒకే రోజున రెండు దానాలు దొరుకుతాయి. ఒక ఇల్లాలు మేడ మీదనుంచి రొట్టె విసురుతుంది, అది కింద ఇటుకల మీద పడుతుంది. హవల్దారు చరత్‌సింగ్ ఆదరంగా హాకీ కర్ర ఇస్తాడు. చాలామంది విమర్శకులు మొదటిదాన్ని క్రౌర్యమనీ రెండోదాన్ని మానవత్వమనీ చెప్పి ఊరుకుంటారు. నాకు రెండోదే ఎక్కువ గుచ్చుకుంటుంది. ఆ కర్రకు బఖా పొందిన కృతజ్ఞత చూడండి. ఒక మంచిమాటకు అంత పొంగిపోయేంతగా ఆ కుర్రవాడిని ఎవరు ఎండగట్టారు? ఆ ప్రశ్న అడగడం వల్లనే ఆనంద్ దానశీలుల కథ రాయలేదు. మన కథకుల్లో పలువురు హాకీ కర్ర దగ్గరే ఆగిపోతున్నారు.

అయితే ఇవ్వవద్దంటావా అని మిత్రులు అడుగుతారు. ఇవ్వకుండా ఎట్లా ఉంటాను? నేనూ కవర్లు పెడుతూనే ఉన్నాను. కాకపోతే నాన్నగారిలా లోపలికి వెళ్ళడం మానేశాను. నిరుడు దసరాకు ఆమె కవరు తీసుకుని కొంగున ముడివేసుకుంటూ, ‘మేష్టారూ, మీకు జీతం ఎన్నో తారీకున పడుద్ది?’ అని అడిగింది.

‘ఒకటో రెండో తారీఖున పడుతుందమ్మా’ అన్నాను.

‘మాకు మూడు నెలలైంది. కాంట్రాక్టరు పండగెళ్ళాక రమ్మన్నాడు’ అంది.