మాంట్‌మోరిల్లొనైట్

మాంట్‌మోరిల్లొనైట్ స్మెక్టైట్ వర్గానికి చెందిన ఒక బంకమట్టి ఖనిజం. ఫ్రాన్సు దేశంలోని మాంట్‌మోరిల్లాన్ అనే ఊరి పేరు మీదుగా 1847లో దీనికి ఈ పేరు వచ్చింది. నల్లరేగడి నేలల్లోని బంకమట్టిలో స్మెక్టైట్ ఖనిజాలే ప్రధానం. కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలో మద్దికెర, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల నల్లరేగడి పొలాలు వానకు ఉబ్బడానికి, ఎండకు నెర్రెలు విచ్చడానికి కారణం ఇవే. ఇదే గుణం ఆధారంగా అయాన్లను ఎంచి పంపే పొరలు, తేమను గుర్తించే సాధనాలు, ఉప్పునీటి నుండి విద్యుత్తు తీసే పద్ధతులపై పరిశోధనలు జరుగుతున్నాయి.

నిర్మాణం

ఇది పలుచని రేకుల దొంతర. ఒక్కొక్క రేకు మందం సుమారు 1 నానోమీటరు. రెండు సిలికా పొరల నడుమ ఒక అల్యూమినా పొర ఉంటుంది. అల్యూమినియం ఉండవలసిన కొన్ని స్థానాలలో మెగ్నీషియం చేరడం వలన రేకుకు ఋణావేశం కలుగుతుంది. దానికి సరిపడా సోడియం, కాల్షియం వంటి ధన అయాన్లు రేకుల మధ్య చేరి నీటిని ఆకర్షిస్తాయి. కాల్షియం ఉంటే రేకులు కొంతవరకే ఎడమవుతాయి. సోడియం ఉంటే నీటిలో పూర్తిగా విడిపోగలవు.

రాయలసీమలో మట్టి మిద్దెలపై చవుడు పరచడం వెనుక ఉన్నదీ ఇటువంటి కారణమే. సోడియం ఎక్కువగా గల చవుడు తడిసినపుడు, అందులోని బంకమట్టి అతి సన్నని రేణువులుగా చెదిరి సందులను పూడ్చివేస్తుంది. వాననీరు కిందికి దిగదు. రసాయన శాస్త్రంతో పనిలేకుండా కుదిరిన సరైన ఎంపిక ఇది.

నానో కాలువలు

నీటిలో విడిపోయిన రేకులను వడగట్టి ఆరబెడితే కాగితం వంటి పొర ఏర్పడుతుంది. రేకుల మధ్య సందులే నానో కాలువలు. వాటి గోడలకు ఋణావేశం ఉండటంతో ధన అయాన్లు సులువుగా సాగిపోతాయి, ఋణ అయాన్లకు అడ్డు పడుతుంది. పొరకు ఒకవైపు ఉప్పునీరు, మరొకవైపు మంచినీరు ఉంచితే ఈ వ్యత్యాసం వలన విద్యుత్తు పుడుతుంది. ఉప్పు గాఢత బాగా పెరిగితే ఈ ఎంపిక శక్తి తగ్గుతుంది. గాలిలోని తేమను బట్టి పొర విద్యుద్వాహకత మారుతుంది కనుక తేమ గ్రాహకాలకు కూడా ఇది పనికివస్తుంది.

ఇదే తరహా రేకుల ఖనిజమైన వర్మిక్యులైట్‌తో తయారైన పొర, 500 డిగ్రీల సెల్సియస్ వద్ద వేడిచేసిన తరువాత కూడా ప్రోటాన్లను ప్రసారం చేసినట్లు 2015లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ బృందం ప్రకటించింది. నెల్లూరు అభ్రకపు ప్రాంతంలో వర్మిక్యులైట్ లభిస్తుంది.

ఇబ్బందులు

పొలం మట్టి ఉన్నది ఉన్నట్లుగా పనికిరాదు. సున్నపు గుళ్ళు, ఇసుక, కుళ్ళిన ఆకు అలములు తొలగించి, కాల్షియం స్థానంలో సోడియం చేర్చాలి. అంతకంటే పెద్ద చిక్కు ఉబ్బుదలే. నల్లరేగడిపై కట్టిన ఇళ్ళ గోడలు బీటలు వారినట్లే, నీటిలో ఉంచిన పొర కూడా ఉబ్బి విచ్చిపోతుంది. ఇళ్ళకైతే పునాది కింద ఉబ్బని గరుసు మట్టి నింపుతారు. ప్రయోగశాలలలో రేకులను పాలిమర్లతో బంధిస్తారు. అయితే ఆ బంధం బిగిసేకొద్దీ కాలువలు ఇరుకై అయాన్ల ప్రవాహం మందగించవచ్చు.