ఉల్లిపొట్టు వన్నెలు

ఈస్టరు బల్లపై నమర్చు రంగుల గ్రుడ్లు కలవారి వేడుకలని పలువురు తలతురు. అవి పొదుపునుండి పుట్టినవని శ్రోతలకు మనవి చేయుచున్నాము.

మధ్యయుగమున ఐరోపా క్రైస్తవులు ఈస్టరునకు ముందు నలువది దినముల ఉపవాసకాలమున మాంసముతోపాటు గ్రుడ్లను గూడ విసర్జించెడివారు. కోళ్లు మాత్రము వ్రతము పట్టవుగదా! ఇంట పేరుకొనిన గ్రుడ్లే పండుగనాటి విందైనవి. 1290లో ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డు 450 గ్రుడ్లకు బంగారు రేకులు తొడిగించి, రంగులు వేయించి, తనవారికి పంచిపెట్టెను. అందులకైన వ్యయము 18 పెన్నీలు.

సామాన్యులకు ఉల్లిపొట్టే బంగారమైనది. ఉత్తర ఇంగ్లండు గృహిణులు పచ్చి గ్రుడ్డునకు ఉల్లిపొట్టు చుట్టి, పాతవస్త్రముతో బిగించి, నీట ఉడికించెడివారు. విప్పిచూచినచో పెంకుపై తేనెరంగు చారలు, పాలరాతిపై వలె, తేలియుండును. చుక్క నూనె రాచిన మెఱయును. వీనిని 'పేస్' గ్రుడ్లందురు. మన తెలుగు బైబిలునందలి 'పస్కా'యు, ఈ పేరును ఒకే మూలమునుండి వచ్చినవి.

1873లో బ్రిస్టలునందలి ఫ్రై సంస్థ బ్రిటనున తొలి చాక్లెట్ గ్రుడ్డును అమ్మకమునకు దెచ్చెను. పండుగ క్రమముగా అంగడికి తరలినది. అయినను కొన్న గ్రుడ్డు నోట కరగిపోవును. తల్లి ప్రక్కన నిలిచి, ముడి విప్పి, ఏ చారలు పడెనోయని తొంగిచూచిన యుదయము పిల్లలకు చిరకాలము గుర్తుండును.